కోడ్ మారలేదు, ఎరుపు రంగు పోయింది: టికింటర్ కింద ఉన్న రెండో వెర్షన్

 

ఈరోజు ముందుగా మీ చేతిలో ఉన్న ఫోన్‌తోనే మొదలుపెడతాను. 2021 మార్చి 22, 23 తేదీలు గుర్తున్నాయా? ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలామందికి యాప్‌లు ఓపెన్ చేయగానే మూసుకుపోయాయి. జీమెయిల్ కూడా అంతే. మా ఇంట్లో అయితే "ఫోన్ పాడైపోయింది, వేరేది కొను" అనేదాకా వెళ్ళింది వ్యవహారం. ఫోన్ బాగానే ఉంది. ఆ యాప్‌లు రాసినవాళ్ళ తప్పు కూడా కాదు. ఆ యాప్‌లన్నీ లోపల వెబ్ పేజీ చూపించడానికి ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ అనే ఒక భాగం మీద ఆధారపడతాయి. ఆ భాగానికి వచ్చిన అప్‌డేట్‌లో తేడా వచ్చింది. చాలామంది ఆ వెబ్‌వ్యూ అప్‌డేట్‌ని తీసేసి నెట్టుకొచ్చారు, తర్వాత గూగుల్ సరిచేసిన వెర్షన్ పంపింది.

అంటే మనం వాడేది ఒకటి, దాని కింద పనిచేసేది ఇంకొకటి. కిందది మారితే పైది పడిపోతుంది. పడిపోతే ఒక రకంగా అదృష్టమే, ఎందుకంటే పడిందని మనకి తెలుస్తుంది కదా. ఈరోజు నేను చెప్పబోయేది పడిపోకుండా, ఏ ఎర్రర్ రాకుండా, నవ్వుతూ తప్పు చూపించిన ప్రోగ్రామ్ గురించి. అది నేను రాసిందే.

కామెంట్లలో చాలామంది "అన్నా, టికింటర్ ప్రాజెక్ట్ నా లాప్‌టాప్‌లో బాగుంది, కాలేజీ ల్యాబ్‌లో వేరేగా వస్తోంది" అని అడుగుతున్నారు. వాళ్ళందరికీ కూడా ఇదే జవాబు.

2018 చివర్లో నేను బీటెక్ మూడో సంవత్సరం. మా బాబాయ్‌కి పాలకొల్లు దగ్గర ఊళ్ళో మెడికల్ షాపు ఉంది. మెడికల్ షాపులో ఎక్స్‌పైరీ చూసుకోవడం పెద్ద పని. తేదీ దగ్గరపడిన సరుకుని ముందే పక్కన పెట్టి స్టాకిస్టుకి వెనక్కి పంపాలి. ఆలస్యమైతే డబ్బు పోతుంది. తేదీ దాటింది అమ్మితే సంగతి వేరే ఉంటుంది. బాబాయ్ అదంతా ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకునేవాడు. నాకేమో అప్పుడే టికింటర్ వచ్చింది, ఎక్కడో ఒకచోట వాడకపోతే నిద్రపట్టదు. "బాబాయ్, నేను కంప్యూటర్‌లో చేసిపెడతాను, తేదీ దాటినవన్నీ ఎర్రగా కనిపిస్తాయి, చూసి తీసేయడమే" అన్నాను.

చేశాను. ట్రీవ్యూ అని టికింటర్‌లో ఒక పట్టిక ఉంటుంది, వరసలు, కాలమ్‌లు. ప్రతి వరసకి ట్యాగ్ అని ఒక గుర్తు పెట్టొచ్చు, ఆ ట్యాగ్‌కి రంగు ఇవ్వొచ్చు. ఎక్స్‌పైరీ తేదీ ఈరోజు కంటే ముందుంటే ఆ వరసకి ఎర్ర ట్యాగ్. అంతే లాజిక్. షాపులో ఉన్న పాత కంప్యూటర్‌లో పైథాన్ 3.6 వేసి నడిపించాం. బాబాయ్ బాగా అలవాటు పడ్డాడు. ఎంత అలవాటంటే, నోట్‌బుక్ పక్కన పడేశాడు. రోజూ పొద్దున షాపు తీసి, స్క్రీన్ కిందికి జరుపుతూ ఎర్రవి తీసి అట్టపెట్టెలో వేసేవాడు.

2019 వేసవిలో ఆ పాత కంప్యూటర్ మొండికేసింది. కొత్తది కొన్నారు. నేను సెలవుల్లో వెళ్ళి, పైథాన్ వెబ్‌సైట్‌లో అప్పటికి ఉన్న 3.7.3 దించి, నా ప్రోగ్రామ్‌ని పెన్‌డ్రైవ్‌లోంచి కాపీ చేసి ఓపెన్ చేశాను. విండో వచ్చింది. పట్టిక వచ్చింది. మందుల పేర్లన్నీ ఉన్నాయి. "అయిపోయింది బాబాయ్" అని చెప్పి భోజనానికి వెళ్ళిపోయాను. ఆరోజు ఎర్ర వరసలు లేవని నేను చూశాను కూడా, కానీ పాత సరుకు అంతకుముందే తీసేశారులే అనుకున్నాను. ఇది నేను చేసిన అసలు తప్పు. తర్వాత మళ్ళీ వస్తాను దీనికి.

కొన్ని వారాలు గడిచాయి. పక్క వీధిలో ఒక రిటైర్డ్ మాస్టారు ఉంటారు. బీపీ మాత్రలు తీసుకెళ్ళి, ఇంటికెళ్ళి, కళ్ళజోడు పెట్టుకుని స్ట్రిప్ వెనక చదివి, మళ్ళీ షాపుకి వచ్చారు. "ఏమయ్యా, ఇది పోయిన నెలతో అయిపోయింది కదా" అన్నారు. ఆయన వేసుకోలేదు, అది మా అదృష్టం. బాబాయ్‌కి తల కొట్టేసినట్టయింది. నాకు ఫోన్ చేశాడు. తిట్టలేదు. "ఒరేయ్, ఎర్రగా ఉంటే తీసేసేవాణ్ణి. ఎర్రగా లేదు కదరా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి బస్సెక్కి వెళ్ళాను. తేదీల లెక్క చూశాను, సరిగ్గా ఉంది. ఏ వరసకి ఏ ట్యాగ్ పడిందో ప్రింట్ చేయించాను. తేదీ దాటిన ప్రతి మందుకీ ఎర్ర ట్యాగ్ చక్కగా పడింది. ప్రోగ్రామ్‌కి తెలుసు ఇది ఎర్రగా ఉండాలని. స్క్రీన్ మీద మాత్రం తెల్లగానే ఉంది. నా లాప్‌టాప్‌లో అదే ఫైల్, అదే డేటా పెట్టి నడిపితే ఎర్రగా వచ్చింది! ఒక్క అక్షరం తేడా లేదు కోడ్‌లో.

సరే, తేడా పైథాన్‌లోనే ఉండాలి అనుకుని, 3.6 నుంచి 3.7.3 దాకా టికింటర్‌లో ఏం మారిందో చదివాను. ట్రీవ్యూ రంగుల గురించి ఏమీ లేదు. ఎందుకు లేదంటే, మారింది పైథాన్‌లో కాదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, టికింటర్ అంటే ఏంటో చూద్దాం. చాలామందికి టికింటర్ అంటే పైథాన్‌లో విండోలు గీసేది అని తెలుసు. నిజానికి టికింటర్ స్వయంగా ఏమీ గీయదు. అది ఒక దుబాసీ. మనం పైథాన్‌లో "ఇక్కడ ఒక బటన్ పెట్టు" అంటే, దాన్ని టికిల్ అనే వేరే భాషలోకి మార్చి, టీకే అనే టూల్‌కిట్‌కి చెబుతుంది. బటన్ గీసేది టీకే. టికిల్‌ని 1988లో జాన్ ఔస్టర్‌హౌట్ గారు అమెరికాలో బర్కిలీ యూనివర్సిటీలో తయారుచేశారు, ఆ తర్వాత దానికి తోడుగా టీకే వచ్చింది. అంటే పైథాన్ కంటే ముందు పుట్టిన కుటుంబం ఇది. వాళ్ళ రిలీజులు వాళ్ళవి, వాళ్ళ తేదీలు వాళ్ళవి. 8.5 వచ్చింది 2007 డిసెంబర్‌లో, 8.6 వచ్చింది 2012 డిసెంబర్‌లో. పైథాన్ టీమ్ విండోస్ ఇన్‌స్టాలర్ తయారుచేసేటప్పుడు, ఆ సమయానికి ఏ టీకే ఎంచుకున్నారో దాన్ని లోపల పెట్టి ఇస్తారు. మనం "పైథాన్ 3.7.3" అని ఒక్క నంబర్ చూసి దించుకుంటాం. లోపల ఇంకో నంబర్ ఉందని మనకెవరూ చెప్పరు.

3.7.3 విండోస్ ఇన్‌స్టాలర్‌లో ఉన్నది టీకే 8.6.9. సరిగ్గా ఆ 8.6.9లోనే ట్రీవ్యూ ట్యాగ్ రంగులు పనిచేయవు. పట్టిక వరస గీసేటప్పుడు రంగు రెండు చోట్ల నుంచి రావచ్చు. ఒకటి థీమ్, అంటే మొత్తం పట్టిక ఎలా ఉండాలో చెప్పే నియమాలు. రెండోది మనం ఆ వరసకి ప్రత్యేకంగా ఇచ్చిన ట్యాగ్. మామూలుగా మనం ప్రత్యేకంగా చెప్పిందే గెలవాలి. 8.6.9లో మాత్రం "సెలెక్ట్ చేయని, డిసేబుల్ కాని వరసకి ఇదీ రంగు" అని థీమ్‌లో ఉన్న నియమం గెలిచేది. మామూలు వరసలన్నీ సెలెక్ట్ చేయనివే, డిసేబుల్ కానివే. అందుకని మన ఎరుపు కింద పడిపోయి, థీమ్ తెలుపు పైకి వచ్చింది. ఇది తర్వాత 8.6.10లో సరిచేశారు, 2019 నవంబర్‌లో. కానీ టీకేలో సరిచేయడం వేరు, అది పైథాన్ విండోస్ ఇన్‌స్టాలర్‌లోకి రావడం వేరు. 3.8 వాడినవాళ్ళు కూడా చాలామంది ఇదే గోడకి తల కొట్టుకున్నారు.

ఇంకా చిరాకు ఎక్కడో తెలుసా? టికింటర్‌లో "టీకే వెర్షన్" అని ఒక వేరియబుల్ ఉంటుంది. నేను తెలివిగా రెండు కంప్యూటర్లలో అది ప్రింట్ చేశాను. రెండింటిలోనూ 8.6 అనే వచ్చింది! "చూశావా, రెండూ ఒకటే" అనుకుని ఆ దారి వదిలేసి ఇంకో రెండు గంటలు వేరేచోట వెతికాను. అది మొదటి రెండు అంకెలే చెబుతుంది. తేడా ఉన్నది మూడో అంకెలో. దాన్ని ప్యాచ్ లెవెల్ అంటారు.

అది ఎలా చూడాలో ఇప్పుడు స్క్రీన్ మీద చూపిస్తున్నాను. రూట్ విండో తయారుచేశాక, రూట్ డాట్ టీకే డాట్ కాల్, బ్రాకెట్‌లో కోట్స్ పెట్టి ఇన్ఫో, కామా, మళ్ళీ కోట్స్‌లో ప్యాచ్‌లెవెల్. ప్రింట్ చేయండి. 8.6.9 అనో, 8.6.13 అనో పూర్తిగా వస్తుంది. పైథాన్ 3.11 నుంచి అయితే ఇన్ఫో అండర్‌స్కోర్ ప్యాచ్‌లెవెల్ అని నేరుగా ఒక ఫంక్షన్ ఉంది. కోడ్ రాయడం ఇష్టం లేకపోతే టెర్మినల్‌లో పైథాన్, స్పేస్, హైఫన్ ఎమ్, స్పేస్, టికింటర్ అని కొట్టండి. చిన్న విండో వచ్చి వెర్షన్ చెబుతుంది. కొత్త పైథాన్‌లో అయితే పూర్తి నంబర్ వస్తుంది, పాతవాటిలో 8.6 అని ఊరుకుంటుంది. ఫోన్‌లో పైడ్రాయిడ్ 3 వాడి నేర్చుకుంటున్నవాళ్ళు కూడా అందులో టికింటర్ ఉంది కాబట్టి ఇదే కోడ్ నడిపి చూడొచ్చు.

"అన్నా, నేను వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ వాడతాను, రిక్వైర్‌మెంట్స్ ఫైల్ ఉంది, నాకీ సమస్య రాదు" అని ఎవరో ఒకరు అంటారు. వస్తుంది. పిప్ ఫ్రీజ్ కొట్టి చూడండి, ఆ లిస్ట్‌లో టికింటర్ ఉండదు. అది పైథాన్‌తో పాటే వచ్చే స్టాండర్డ్ లైబ్రరీ కాబట్టి. టికింటరే లేనప్పుడు దాని కింద ఉన్న టీకే ఎక్కడినుంచి ఉంటుంది? వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ఎన్ని చేసినా, అసలు పైథాన్‌తో వచ్చిన టీకేనే అన్నీ పంచుకుంటాయి. మీ ప్రాజెక్ట్ దేనిమీద నిలబడిందో, అదే మీ లిస్ట్‌లో లేదన్నమాట.

ఇంకో రకం గొడవ మ్యాక్ వాళ్ళది. యాపిల్ తన సిస్టమ్‌తో పాటు టీకే 8.5.9 ఇచ్చేది. సిస్టమ్‌లో ఉన్న పైథాన్‌తో టికింటర్ నడిపితే, ఈ టీకే పాతబడింది, దీన్ని నమ్ముకోవద్దు అని టెర్మినల్‌లో ఒక వార్నింగ్ వస్తుంది. ఆ వార్నింగ్ చివర్లోనే, ఈ సెట్టింగ్ పెడితే నేను నోరు మూసుకుంటాను అని కూడా ఉంటుంది! మనవాళ్ళు ఏం చేస్తారు? రెండో వాక్యం చదివి, సెట్టింగ్ పెట్టి, వార్నింగ్‌ని మూసేస్తారు. ఆ తర్వాత మ్యాక్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు విండో అంతా నల్లగా వచ్చి, అందులో ఏమీ కనిపించక, నన్ను అడుగుతారు. దానికి మందు ఒకటే. పైథాన్ వెబ్‌సైట్‌లోని ఇన్‌స్టాలర్ వాడండి. అది తన సొంత 8.6ని వెంట తెచ్చుకుంటుంది, యాపిల్ దాని జోలికి పోదు.

8.5కీ 8.6కీ మధ్య మీరు వెంటనే గుర్తుపట్టే తేడా ఒకటి ఉంది. 8.6 నేరుగా పీఎన్‌జీ బొమ్మలు చదువుతుంది, 8.5 చదవదు. ఫోటోఇమేజ్‌తో లోగో పెట్టారనుకోండి, మీ దగ్గర చక్కగా వస్తుంది, ఫ్రెండ్ మ్యాక్‌లో బొమ్మ ఫైల్‌లో ఉన్నదేంటో నాకు అర్థం కాలేదు అని ఎర్రర్ వస్తుంది. వాడు బొమ్మ పాడైందనుకుని మళ్ళీ మళ్ళీ దించుకుంటూ ఉంటాడు.

ఎమోజీ సంగతి కూడా ఇంతే. పాత పైథాన్‌లో బటన్ మీద నవ్వే బొమ్మ పెడితే, ఈ అక్షరం టికిల్ అనుమతించే పరిధి దాటింది అని ఎర్రర్ వచ్చేది. 3.7.6, 3.8.1 నుంచి ఆ ఎర్రర్ లేదు. ఇక్కడ సరిచేసింది పైథాన్ వైపు, టీకే వైపు కాదు. కాబట్టి ప్రతిసారీ నేరం కిందవాడిదే అనుకోకండి. దుబాసీ కూడా తప్పు చెప్పొచ్చు.

ఇప్పుడు మనది, తెలుగుది. ఇది చాలామందికి తెలియదు. విండోస్‌లో టికింటర్ లేబుల్ మీద "శ్రీకృష్ణ" అని రాయండి, చక్కగా వస్తుంది. అదే ప్రోగ్రామ్ లినక్స్‌లో నడపండి. ఒత్తులు అతుక్కోవు. అక్షరం వేరే, పొల్లు వేరే, ఒత్తు కావాల్సిన అక్షరం పక్కనే నిలబడి ఉంటుంది. మన పిల్లలకోసం తెలుగు క్విజ్ చేసి, లినక్స్ ఉన్న ల్యాబ్‌లో పెడితే చదవలేని పరిస్థితి. కారణం, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ అక్షరాలు కలిపే పని ఆపరేటింగ్ సిస్టమ్ చేసిపెడుతుంది. లినక్స్‌లో టీకే 8.6 అక్షరాలు గీయడానికి ఎక్స్‌ఎఫ్‌టీ అనేదాన్ని వాడుతుంది, దానికి ఒత్తులు కలపడం రాదు. ఫాంట్ మారిస్తే సరిపోతుందని ఒక సాయంత్రమంతా ఫాంట్లు మార్చినవాళ్ళు నాకు తెలుసు. సరిపోదు. తెలుగు లినక్స్‌లో చూపించాల్సిన ప్రోగ్రామ్ అయితే టికింటర్ కాకుండా క్యూటీ మీద పనిచేసే లైబ్రరీ ఏదైనా తీసుకోండి, అది ఒత్తులు సరిగ్గా కలుపుతుంది.

క్యూటీకి వెళ్ళినంత మాత్రాన ఈ రెండు నంబర్ల గొడవ పోతుందనుకోకండి. అక్కడ పైక్యూటీ వెర్షన్ ఒకటి, కింద క్యూటీ వెర్షన్ ఒకటి. ఓపెన్‌సీవీ, పైక్యూటీ5 రెండూ ఒకే లినక్స్ ప్రాజెక్ట్‌లో పెట్టినవాళ్ళకి "ఎక్స్‌సీబీ ప్లగిన్ లోడ్ కాలేదు" అని ఎర్రర్ వచ్చి ఉంటుంది. ఓపెన్‌సీవీ తన క్యూటీ తను తెచ్చుకుంటుంది, పైక్యూటీ తనది తను తెచ్చుకుంటుంది. ఒకే వంటింట్లో ఇద్దరు వంటవాళ్ళు. ఓపెన్‌సీవీలో విండోలు చూపించే పని మీకు అవసరం లేకపోతే, దాని హెడ్‌లెస్ ప్యాకేజీ వేసుకోండి, గొడవ తీరుతుంది. దీనిమీద వేరే ఎపిసోడ్ చేస్తాను, ఇప్పుడు వదిలేద్దాం.

మళ్ళీ మెడికల్ షాపుకి వద్దాం. ఆ రాత్రి ఏం చేశానంటే, థీమ్ నియమాల్లోంచి ఆ "సెలెక్ట్ చేయని, డిసేబుల్ కాని" అనే ముక్కని తీసేసే నాలుగు లైన్ల ఫంక్షన్ ఒకటి రాశాను. ఈ బగ్‌కి అప్పట్లో అందరూ వాడిన ఉపాయమే అది. ఎరుపు తిరిగి వచ్చింది. బాబాయ్ చూసి సంతోషించాడు. నాకు మాత్రం సంతోషం రాలేదు. ఇందాక నా అసలు తప్పు అన్నాను కదా, అది టీకే వెర్షన్ చూసుకోకపోవడం కాదు. 8.6.9లో ఆ తేడా ఉందని ముందే తెలుసుకోవడం మూడో సంవత్సరం కుర్రాడి వల్ల అయ్యే పని కాదు. కానీ ఒక మనిషి ఆ మాత్ర వేసుకోవచ్చా లేదా అనే విషయాన్ని ఒక్క రంగుకి అప్పగించాను. ఆ రంగు గీసేది నేను కాదు, పైథాన్ కూడా కాదు, నేను పేరు కూడా సరిగ్గా వినని ఇంకెవరో. పైగా కొత్త కంప్యూటర్‌లో పెట్టినప్పుడు, తేదీ దాటిన మందు ఒకటి ఉత్తుత్తిగా ఎక్కించి ఎర్రగా వస్తోందా అని అర నిమిషం చూసుంటే అక్కడే దొరికిపోయేది. విండో తెరుచుకుంది కదా అని లేచి వెళ్ళిపోయాను.

అందుకని తెల్లారేలోపు ఇంకొన్ని మార్చాను. పట్టికలో "గడువు" అని కొత్త కాలమ్ పెట్టి, దాటినవాటికి "దాటింది, అమ్మవద్దు" అని మాటల్లో రాయించాను. రంగు పోయినా మాట పోదు. అలాంటివన్నీ పట్టికలో అన్నిటికంటే పైన వచ్చేలా సర్దాను. అమ్మకం ఎక్కించేటప్పుడు తేదీ దాటిన మందైతే ప్రోగ్రామ్ ఒప్పుకోకుండా చేశాను. ఇవేవీ టీకే మీద ఆధారపడవు, నా సొంత లెక్కే. ఇక పట్టికలో మొదటి వరసగా "పరీక్ష మందు" అని ఒకటి, ఎప్పుడో గడువు దాటిపోయిన తేదీతో శాశ్వతంగా పెట్టాను. అది ఎర్రగా లేకపోతే ఆరోజు రంగుల్ని నమ్మొద్దని బాబాయ్‌కి చెప్పాను.

ఇంకోటి, పైఇన్‌స్టాలర్‌తో నా ప్రోగ్రామ్‌ని ఒక ప్యాకేజీగా కట్టాను. అలా కడితే పైథాన్‌తో పాటు నా లాప్‌టాప్‌లో ఉన్న టికిల్, టీకే కూడా అందులోకి వెళ్తాయి. షాపు కంప్యూటర్‌లో ఎవరు ఏ పైథాన్ వేసినా నా ప్రోగ్రామ్ తన టీకేతోనే నడుస్తుంది. ల్యాబ్‌లో డెమో ఇవ్వాల్సినవాళ్ళకి కూడా నేను చెప్పేది ఇదే, విండోస్‌లో నడవాలంటే విండోస్‌లోనే కట్టండి, అక్కడ కట్టింది లినక్స్‌లో నడవదు. అలా కట్టే వీలు లేకపోతే కనీసం ముందురోజు వెళ్ళి ల్యాబ్ సిస్టమ్‌లో ప్యాచ్ లెవెల్ చూసుకోండి. ఉబుంటు అయితే అసలు టికింటరే ఉండకపోవచ్చు, పైథాన్3 హైఫన్ టీకే అనే ప్యాకేజీ విడిగా వేయాలి. ఆ పర్మిషన్ డెమో రోజు పొద్దున దొరకదు.

ఇప్పుడు ఎందుకు ఇదంతా చెబుతున్నానంటే, 2024 సెప్టెంబర్‌లో టికిల్, టీకే 9.0 వచ్చాయి. 8.6 తర్వాత దాదాపు 12 ఏళ్ళకి. అక్షరాల విషయంలో చాలా మేలు, ఎమోజీల్లాంటి పెద్ద నంబర్ల అక్షరాలు కూడా ఇప్పుడు మామూలు అక్షరాల్లాగే. కానీ లోపల చాలా మారింది. 8.6 కోసం కట్టిన సీ ఎక్స్‌టెన్షన్లు 9లో నేరుగా లోడ్ కావు, మళ్ళీ కంపైల్ చేయాలి. పాత పైథాన్‌ని సొంతంగా కంపైల్ చేసుకునేవాళ్ళు కింద 9 ఉంటే బిల్డ్ ఆగిపోవడం చూశారు. మీ ప్రోగ్రామ్ 8.6లో పరీక్షించి ఉంటే, 9 మీద నడిచే కంప్యూటర్ వచ్చినప్పుడు దాన్ని కొత్త ప్రోగ్రామ్‌లాగే మళ్ళీ మొదటినుంచి పరీక్షించుకోండి.

పోయిన నెల బాబాయ్ ఫోన్ చేశాడు. "ఒరేయ్, మళ్ళీ కొత్త కంప్యూటర్ కొంటున్నాను. ఈసారి నువ్వొచ్చేదాకా పాతది తీయను. నోట్‌బుక్ కూడా తీసి పెట్టాను" అన్నాడు. ఈ ఆదివారం వెళ్తున్నాను. అక్కడ ప్యాచ్ లెవెల్ ఎంత వస్తుందో, పరీక్ష మందు ఎర్రగా వస్తుందో లేదో వచ్చే ఎపిసోడ్‌లో చూపిస్తాను. మీ సిస్టమ్‌లో ఎంత వచ్చిందో కింద రాయండి, పైథాన్ నంబర్ కాదు, మూడు అంకెల టీకే నంబర్. ఉంటాను మరి.